చిన్న వ్యాపారం లెక్కలకు రెండు డిస్కుల పెట్టె

బిల్లులు, జీఎస్టీ లెక్కలు ఒకే కంప్యూటర్‌లో ఉంటే, దాని హార్డ్ డిస్క్ చెడిన రోజు అన్నీ పోయినట్లే. ప్రత్యేకంగా ఐటీ ఉద్యోగి లేని సంస్థకు రెండు డిస్కుల 'నాస్' అనుకూలం. ఇది ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే నిల్వ పెట్టె. సెట్టింగులు బ్రౌజర్‌లోనే మార్చుకోవచ్చు. 'రెయిడ్ 1' పద్ధతిలో ప్రతి ఫైలూ రెండు డిస్కుల్లోనూ నమోదవుతుంది. ఒకటి పాడైనా పని ఆగదు. దాని స్థానంలో కొత్తది అమర్చితే, మిగిలిన డిస్కు నుంచి సమాచారమంతా అందులోకి చేరుతుంది. అందుకే 4 టీబీ డిస్కులు రెండు కొన్నా దక్కే చోటు సుమారు 4 టీబీయే.

చాలామంది పొరబడేది ఇక్కడే. పొరపాటున ఫైలు చెరిపితే రెండింటిలోనూ ఒకేసారి పోతుంది. రాన్సమ్‌వేర్ తాళం వేసినా అంతే. కాబట్టి రోజూ పని ముగిశాక మరో కాపీని విడి డిస్కులోకి తీసి, కేబుల్ ఊడదీసి, వేరే చోట ఉంచాలి. నెలకోసారి అందులోంచి ఒక పాత బిల్లు తెరిచి చూడండి.