వంతెన కాచిన బడిపిల్లలు

యుద్ధచిత్ర మనగానే ఫిరంగులు, విమానములు, విజయధ్వజములు కన్నులకు కట్టును. నియంతృత్వము కూలిన కథను చెప్పిన మేలి చిత్రములు కొన్ని అట్టివి కావు. హిట్లరు ఎట్లు పడెనన్న దానికంటె, అతనిని అంతకాలము మోసినవా రెవ్వరని అవి అడుగును. బిడ్డలను బడికి పంపు తలిదండ్రులకు ఈ ప్రశ్న పరాయిది కాదని మా తలంపు.

1959లో బెర్నార్డు విక్కి అను దర్శకుడు జర్మను భాషలో ‘వంతెన’ అను చిత్రమును తీసెను. కథాకాలము 1945 ఏప్రిలు. యుద్ధము ముగియుటకు కొలది దినములే యున్నవి. ఒక చిన్న యూరి బడిలో చదువుకొను ఏడుగురు బాలురకు, ఇంచుమించు పదునారేండ్లవారికి, సైన్యమునుండి పిలుపు వచ్చును. వారి యానందమునకు మేర లేదు! ఊరి నాజీ నాయకుడైన ఒక తండ్రి మాత్రము మెల్లగా జారుకొను యత్నములో నుండును. పిల్లలను కాపాడుమని ఉపాధ్యాయుడు సేనాధికారిని వేడుకొనును. అధికారియు మనసు కరగి, ఎట్లైనను కూల్చివేయబోవు వంతెనకు వారిని కావలి యుంచును. వారికి పెద్దదిక్కుగా నుంచిన సైనికుడు ఊరిలోనికి పోయి, పారిపోవుచున్నాడన్న యనుమానముతో స్వపక్షమువారి చేతనే హతుడగును. ఇక మరలి రండని చెప్పువాడు లేడు. బాలురు అమెరికను టాంకుల నెదిరింతురు. అంతయు ముగిసినపిమ్మట వంతెనను పేల్చుటకు జర్మను సైనికులే వత్తురు. ప్రాణములతో మిగిలిన బాలు డొక్కడే.

ఇందు ఉపాధ్యాయుడు దుష్టుడు కాడు, సేనాధికారియు కాడు. ఇరువురును దయగలవారే. ఆ దయ మిక్కిలి ఆలస్యముగా వచ్చినది.

ఇటలీ దర్శకుడు రోసెల్లినీ 1948 నాటి చిత్రములో బడిపంతులను ఇంకను కఠినముగా చూపెను. బెర్లిను శిథిలములలో తిరుగు పండ్రెండేండ్ల ఎడ్మండు, బలహీనులు నశింపవలసినదే యన్న తన పూర్వోపాధ్యాయుని మాట నమ్మి, రోగియైన తండ్రికి విషము నిచ్చును.

2004లో హిర్ష్‌బీగెలు తీసిన ‘పతనము’ హిట్లరు కడపటి దినముల కథ. అతనిని మనుష్యునిగా చూపుట తగదని కొందరాక్షేపించిరి. రాక్షసునిగా చూపినచో అతని కొలువు చేసినవారికి తప్పించుకొను దారి దొరకును గనుక, మాకది దోషముగా తోచలేదు. చిత్రాంతమున హిట్లరు కార్యదర్శినియైన ట్రౌడ్ల్ యుంగె, వృద్ధురాలై, స్వయముగా తెరపై కనబడును. 1942లో ఆమె ఆ కొలువునకు కుదిరినపుడు వయస్సు ఇరువదిరెండు. చిన్నతనమున ఏమియు తెలియదని చాలకాలము తన్ను తాను సమాధానపరచుకొనెను. ఒకనాడు మ్యూనికు వీధిలో సోఫీ షోల్ స్మారకఫలకమును చూచిన తరువాత ఆ సమాధానము నిలువలేదట. నాజీలకు విరుద్ధముగా కరపత్రములు పంచి 1943 ఫిబ్రవరిలో శిరచ్ఛేదము పొందిన సోఫీ, యుంగెకంటె ఒక యేడు చిన్నది.