బోరుల యాసిడ్ పోస్తే నీళ్లొస్తయా? చమురు బావిని ఎట్ల కడుగుతరో చూద్దాం

ఈ ఎపిసోడ్ మా పెద్దబాపు అడిగిన ఒక ప్రశ్నకు జవాబు.

కోరుట్ల దగ్గర మా ఊళ్లో, పోయిన ఎండాకాలం ఆయన బోరు ఆగి ఆగి పోసింది. ఎవరో చెప్పారట, "చమురు కంపెనోళ్లు బావిల యాసిడ్ పోసి ఊట తెప్పిస్తరు, నువ్వు గూడ పొయ్యి" అని. బాత్రూమ్ కడిగే యాసిడ్ నాలుగు క్యాన్లు పోసిండు. నీళ్లు పెరగలేదు. మోటార్ పైకి తీస్తే ఇనుప పైపుకు చిల్లులు. "బీటెక్ చదివినవ్ గదరా, ఆడ పనిచేసింది ఈడెందుకు చెయ్యలే?" అన్నడు. నేను చదివింది కంప్యూటర్స్, నా దగ్గర జవాబు లేదు. అందుకే కూర్చుని దీని గురించి చదివిన.

చమురు బావిలో యాసిడ్ పోస్తారన్నది నిజమే. అయితే ఎందుకు పోస్తారు?

మన బోరుబండి కంప్రెసర్ గాలితో రాతిపొడిని పైకి ఊదేస్తది. కోనసీమలో ఓఎన్‌జీసీ తవ్వే బావులు అట్ల కాదు. వేల మీటర్ల లోతు, కింద గ్యాస్ ఒత్తిడి. దాన్ని అణచిపెట్టేందుకు బరువైన బురద పంపుతూ తవ్వుతారు. ఒత్తిడి చేయి దాటితే ఏమైతదో 1995 జనవరి 8న పాశర్లపూడిలో చూశాం. ఆ బావి 65 రోజులు మండింది.

ఆ బురదలో ఏముంటయ్? నీళ్లు, బెంటొనైట్ మట్టి, చిక్కదనానికి గంజిపిండి లాంటివి, బరువు కోసం బెరైటీస్ పొడి. బెరైటీస్ నీళ్లకంటే నాలుగింతల బరువు. కడప వైపు మంగంపేట గనుల్లో దొరికేది ఇదే. ప్రపంచంలోని పెద్ద నిల్వల్లో అదొకటి.

టీ వడగడితే జాలి మీద పొడి మిగులుతది కదా? అట్లనే బురదలోని నీళ్లు రాతి రంధ్రాల్లోకి పోతయ్, పొడి మాత్రం బావి గోడకు పొరలా అతుక్కుంటది. తవ్వేటప్పుడు ఆ పొర మంచిదే, బురద ఇంకిపోకుండా కాపాడుతది. తవ్వడం అయినంక అదే పొర చమురుకు అడ్డం. యాసిడ్ కథ ఇక్కడ మొదలైతది.

కాకపోతే ఒక్క యాసిడ్‌తో పని కాదు. మురికిని బట్టి మందు.

మొదటిది గంజి. మా సిరిసిల్ల దోస్తులకు ఇది చెప్పక్కర్లేదు. నేసేటప్పుడు తెగకుండా నూలుకు గంజి పట్టిస్తారు, అదే సైజింగ్. బట్ట అయినంక ఆ గంజిని అమైలేజ్ అనే ఎంజైమ్‌తో తీస్తారు. మన ఉమ్మిలో ఉండేది కూడా అమైలేజే. చమురు బావి గోడ మీది గంజినీ ఇదే జాతి ఎంజైమ్‌తో కరిగిస్తారు. ఇది ఇనుము జోలికి పోదు.

రెండోది సున్నపు పొడి. చమురు ఉన్న పొర దాకా రాగానే చాలాచోట్ల బెరైటీస్ తగ్గించి, సున్నపురాయి పొడి కలిపిన బురద వాడతారు. ఎందుకంటే తర్వాత హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోస్తే అది బుసబుసా పొంగి కరిగిపోతది. అంటే కడగడం ఎట్లనో తవ్వకముందే ఆలోచిస్తారు. సాఫ్ట్‌వేర్‌లో రోల్‌బ్యాక్ ప్లాన్ అంటాం చూడండి, అదే.

మూడోది మట్టి. ఇసుకరాయిలో మట్టి ఇరుక్కుంటే మడ్ యాసిడ్ వాడతారు: మామూలుగా 12% హైడ్రోక్లోరిక్, 3% హైడ్రోఫ్లోరిక్. ఈ రెండోది గాజును కూడా తింటది. చర్మం మీద పడితే లోపలికి దిగి ఒంట్లో కాల్షియాన్ని పట్టేసి ప్రాణం తీయగలదు. ఆ రాతిలో సున్నం ఉంటే ఇంకో తంటా: కరగని కొత్త పదార్థం ఏర్పడి రంధ్రాలు మళ్లీ మూసుకుంటయ్. అందుకే ముందు ఉత్త హైడ్రోక్లోరిక్‌తో సున్నం కడిగేస్తారు.

నాలుగోది బెరైటీస్. దీన్ని యాసిడ్ ఏం చేయలేదు. డీటీపీఏ లాంటి రసాయనాలు కావాలి. అవి లోహపు అణువులను పట్టుకుని ఊడదీస్తయ్.

మరి పైపు సంగతి? 1896లోనే హెర్మన్ ఫ్రాష్ అనే ఆయన చమురు బావిలో యాసిడ్ పోసే పద్ధతికి అమెరికాలో పేటెంట్ తీసుకున్నడు. కానీ యాసిడ్ ఇనుప పైపులను తినేది. 1932లో మిషిగన్‌లో డౌ కంపెనీ, పైపును కాపాడే మందు కలిపి పోసినంకనే ఈ పద్ధతి నిలదొక్కుకుంది. పెద్దబాపు క్యాన్లలో ఆ మందు ఎక్కడిది?

ఇప్పుడు అసలు జవాబు. ఇంట్లో షాబాద్ బండ మీద బాత్రూమ్ యాసిడ్ చుక్క పడితే నురగ వస్తది, మచ్చ పడతది. అది సున్నపురాయి. గ్రానైట్ బండ మీద పడితే నురగే రాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు మన బోర్లు ఎక్కువగా దిగేది గ్రానైట్ జాతి రాతిలోకే. నీళ్లు వచ్చేది దాని పగుళ్లలోంచి. ఆ యాసిడ్‌కు అక్కడ కరిగించేందుకు రాయి లేదు, దొరికింది ఇనుప పైపే! పైగా ఆ నీళ్లు మనమూ మన బర్రెలూ తాగేవి.

పగుళ్లలో పొడి ఇరుక్కుంటే కంప్రెసర్‌తో ఫ్లషింగ్ చేయించండి. కింద నీళ్లే అడుగంటితే ఏ మందూ నీటిని పుట్టించదు. పొలంలో ఇంకుడుగుంత తవ్వి వానను లోపలికి పంపాలి.

ఇదంతా చెప్తే పెద్దబాపు ఒకటే మాటన్నడు: "అంటే ముందు రోగమేందో చూడాలె, తర్వాతనే మందు." నేను ఇంతసేపు చెప్పింది ఆయన ఒక్క ముక్కలో చెప్పిండు.

ఈ ఎపిసోడ్ మీ ఇంట్లో బోరున్న పెద్దలకు చూపించండి. ఉంటా మరి!