పొరుగింటి పాలు

గ్రామమున ఒక ఇంట గేదె ఈనినదన్న వార్త ఆ ఇంటితో ఆగదు. మరునాటికే ఇరుగుపొరుగు ఇండ్లకు జున్నుపాలు చేరును. కొన్ని దినములకు చెంబెడు పాలు, ఆపై కవ్వమాడిన ప్రతి ఉదయమును మజ్జిగ. కోస్తాలో గేదె యన్నను, తెలంగాణమున బర్రె యన్నను, రాయలసీమలో ఎనుము యన్నను ఆచారము ఒక్కటియే. పాలు వచ్చిన గిన్నెను వట్టిగా పంపరాదని, అందులో చిటికెడు పంచదారయో నాలుగు వంకాయలో ఉంచి పంపెడి ఇల్లాండ్రు నేటికిని కలరు.

ఈ పంపకము కేవలము ఔదార్యము కాదు. ఇందులో ఒక లెక్కయు ఉన్నది. ఒకటి రెండు పశువులు మాత్రమే గల కుటుంబమునకు ఏడాది పొడుగున పాడి ఉండదు. గేదె పది నెలలు చూడి మోయును. ఈనిన పిదప తొమ్మిది పది నెలలు పాలిచ్చి వట్టిపోవును. మరల ఈనువరకు ఆ ఇంటి బిడ్డలకు పాలు ఎక్కడివి? పొరుగింటి గేదె పాలు అప్పుడు ఆదుకొనును. నేడు మీ ఇంటినుండి మా ఇంటికి, ఆరు నెలల పిదప మా ఇంటినుండి మీ ఇంటికి. ఈ విధముగా రెండు చిన్న కొట్టములు కలిసి ఒక నిండు పాడి యగును.

1946లో గుజరాతునందలి ఖేడా జిల్లా రైతులు ఆణందులో స్థాపించుకొనిన పాల సహకార సంఘము కూడ చిన్న రైతుల చెంబెడు పాలను ఒకచోటికి చేర్చియే పెద్దదైనది. అయితే ఒక భేదమున్నది. కర్మాగారమునకు చేరిన పాలను 63 డిగ్రీల వేడిమిలో అరగంటసేపైనను, 72 డిగ్రీలలో 15 సెకనులైనను ఉంచి, వెంటనే చల్లార్చుదురు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ పేరనే దీనికి పాశ్చరీకరణమను పేరు వచ్చినది. గోడమీదుగా చేయి మారిన పాలకు నడుమ ఏ కర్మాగారమును లేదు. మన పొయ్యియే ఆ పని చేయవలెను.

గ్రామములకు పోయినపుడు మమ్ము తరచుగా అడిగెడి ప్రశ్న ఒకటి కలదు: "మా పొరుగువారు శుచి గలవారు. వారి గేదె నిగనిగలాడుచున్నది. ఆ పాలు పచ్చిగా త్రాగినచో దోషమేమి? గుమ్మపాలు బలమని పెద్దలు చెప్పలేదా?" దీనికి సమాధానము మధ్యధరా సముద్రములోని మాల్టా ద్వీపము ఏనాడో చెప్పినది.

ఆ ద్వీపమున ఉండిన బ్రిటిషు సైనికులను ఒక జ్వరము నెలల తరబడి పీడించుచుండెను. 1887లో డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు, మరణించినవారి ప్లీహమునందు ఆ జ్వరమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. అది ఎచటినుండి వచ్చుచున్నదో మాత్రము మరి 18 సంవత్సరములు తెలియలేదు. అచ్చటి కాపరులు మేకలను వీధివెంట తోలుకొని వచ్చి, వాకిట నిలిపి, అక్కడనే పాలు పిదికి ఇచ్చెడివారు. కన్నులయెదుట పిదికిన పాలు గనుక ఎవరికిని అనుమానము లేదు. 1905లో మాల్టా వైద్యుడు థెమిస్టోక్లిస్ జామిట్ మేకల రక్తమును పరీక్షింపగా, చూపునకు ఏ జబ్బును లేని మేకలయందే ఆ క్రిమి ఉన్నట్లు తేలెను. 1906లో సైన్యమునకు మేకపాలు మాన్పింపగా సైనికులలో జ్వరము శీఘ్రముగా తగ్గిపోయెను. పచ్చిపాలు మానని పౌరులలో మాత్రము అది పెక్కేండ్లు నిలిచెను.

బ్రూస్ పేరనే ఆ క్రిమిజాతికి బ్రూసెల్లా యని పేరు వచ్చినది. మన ఆవులకు, గేదెలకు, మేకలకు, గొఱ్ఱెలకు కూడ ఈ వ్యాధి కలదు. చూడి పశువు నెలలు నిండకమునుపే ఈచుకపోవుట దీని ముఖ్య లక్షణము. అట్లు ఒకమారు ఈచుకపోయిన పశువు మరుసటి ఈత సక్రమముగా ఈని, మేత మేయుచు, నెమరు వేయుచు, పాలలో మాత్రము క్రిమిని విడుచుచుండవచ్చును. పొరుగువారి మంచితనము నిజమే. కాని పొదుగులో ఏమున్నదో వారికిని తెలియదు.

"మా తాతగారు జీవితమంతయు గుమ్మపాలే త్రాగిరి, ఆయనకేమైనది?" అని కొందరందురు. త్రాగిన ప్రతివారికిని జబ్బు రాదన్నమాట నిజమే. కాని వచ్చినవారి గతి ఏమి? వచ్చుచు పోవుచు ఉండెడి జ్వరము, రాత్రివేళ చెమటలు, నడుము నొప్పి, కీళ్ళ నొప్పులు – వీనిని చూచి మలేరియా యనియో టైఫాయిడ్ యనియో తలచిన ఇండ్లలో పాలచెంబును అనుమానించినవారెవరు? క్షయ కూడ పచ్చిపాల ద్వారా పశువునుండి మనిషికి రాగలదు.

నిజమునకు మన పెద్దల అలవాటు పాలు కాచుటయే. దాలిలో పిడకల సెగపై పాలు గంటల తరబడి కాగి, ఎఱ్ఱని మీగడ కట్టెడివి. జున్నుపాలను సైతము ఎవరును పచ్చిగా త్రాగరు. బెల్లము వేసి ఉడికించియే తిందురు. కాచుటవలన కొన్ని విటమినులు కొంత తగ్గును. వానిని పండ్లు, కూరలు పూరించును. కాల్షియము, మాంసకృత్తులు ఎక్కడికిని పోవు.

కావున పొంగు వచ్చినంతనే దింపివేయక, మంట తగ్గించి, కలియబెట్టుచు మరి రెండు మూడు నిమిషములు కాగనీయవలెను. కాచిన పాలలో పచ్చిపాలు కలుపరాదు. తోడు కాచిన పాలకే వేయవలెను. పశువు ఈచుకపోయినచో పశువైద్యుని పిలిచి రక్తపరీక్ష చేయింపవలెను. మాయను వట్టి చేతులతో ముట్టక లోతుగా పాతిపెట్టవలెను. 4 నుండి 8 నెలల వయసు గల పెయ్యలకు ఈ వ్యాధి రాకుండ టీకా కలదు. 2019లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన జాతీయ కార్యక్రమమున ఈ టీకాను చేర్చిరి. జున్నుపాలపై మొదటి హక్కు మాత్రము దూడది. ఈనిన తొలి గంటలలోనే దానికి త్రాగనిచ్చి, మిగిలినవానినే పంచవలెను.

గోడమీదుగా గిన్నె అందించెడి చేయి ఎన్నడును ఆగరాదు. ఆ గిన్నెతోపాటు "కాచి త్రాగండమ్మా" అను మాట కూడ అందించినచో ఆ పంపకము సంపూర్ణమగును. పొరుగింటి బిడ్డకు మనమిచ్చు పాలు బలమునే చేర్చవలెను గాని జ్వరమును కాదు.