ఆకాశంలో మండుతూ వెళ్లింది ఉల్కా, రాకెట్ శకలమా?

2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో ఆకాశం మీదుగా నిప్పుల వరుస సాగిపోవడం ఎంతోమంది చూశారు. ఉల్కలు రాలుతున్నాయని చాలామంది అనుకున్నారు. అదే రాత్రి చంద్రపూర్ జిల్లాలోని ఒక గ్రామంలో పెద్ద లోహపు వలయం పడింది. వాతావరణంలోకి తిరిగివచ్చిన చైనా రాకెట్ భాగమే ఇందుకు కారణమని నిపుణులు అంచనా వేశారు.

శుక్రగ్రహాన్ని మించిన కాంతితో మండే ఉల్కను అగ్నిగోళం అంటారు. ఉల్కలు సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి దూసుకొస్తాయి. వాటి ముందున్న గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడికి ఉల్క పైపొర కరిగి, ఆవిరై వెలుగుతుంది. చాలా అగ్నిగోళాలు కొద్ది సెకన్లలోనే ఆరిపోతాయి. భూకక్ష్య నుంచి జారిన రాకెట్ శకలాల వేగం సెకనుకు సుమారు 8 కిలోమీటర్లే. అందుకే అవి ముక్కలుగా విడిపోతూ, దాదాపు అడ్డంగా, ఒక్కోసారి నిమిషానికి పైగా కనిపిస్తాయి.

ఇలాంటి వెలుగు కనిపిస్తే సమయం, దిక్కు, ఎన్ని సెకన్లు నిలిచిందీ రాసుకోవాలి. వేర్వేరు ఊళ్ల నుంచి చూసినవారి వివరాలు కలిపితే ఉల్కాశిల ఎక్కడ పడి ఉంటుందో లెక్కగట్టవచ్చు. పడింది లోహపు వస్తువైతే మాత్రం ముట్టుకోకూడదు. అందులో విషపూరితమైన ఇంధనం మిగిలి ఉండవచ్చు. వెంటనే పోలీసులకు తెలియజేయాలి.