మూడు మేఘాలు, మూడు డ్రాగన్లు

అమెరికా విదేశాంగ శాఖకు సొంతంగా ఒక భాషల బడి ఉంది. వేరే దేశాలకు వెళ్ళే దౌత్యాధికారులకు అక్కడే భాష నేర్పి పంపుతారు. ఏ భాష నోటికి రావడానికి ఎన్ని వారాలు పడుతుందో దశాబ్దాల అనుభవంతో వాళ్ళు ఒక లెక్క కట్టి పెట్టుకున్నారు. స్పానిష్‌కు 30 వారాలు. మన తెలుగుకు 44. జపనీస్‌కు 88 వారాలు, అంటే తరగతి గదిలోనే 2,200 గంటలు. అరబిక్, చైనీస్, కొరియన్ కూడా ఈ 88 వారాల జాబితాలోనే ఉన్నాయి. అయినా జపనీస్ పక్కన మాత్రం చాలాకాలం ఒక చుక్క గుర్తు ఉండేది. ఆ నాలుగింట్లోనూ ఇది ఇంకాస్త కష్టమని దాని అర్థం.

ఆ చుక్కే పట్టుకుని జపనీస్‌ను ప్రపంచంలోకెల్లా కష్టమైన భాషగా చెప్పేస్తుంటారు. కానీ అది ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగినవాళ్ళ కోసం కట్టిన లెక్క. తెలుగువాళ్ళు పుస్తకం ముందు కూర్చుంటే లెక్క తలకిందులవుతుంది. మనకు జపనీస్‌లో కష్టమంతా కంటికీ చేతికీ. నోటికీ చెవికీ ఇది చుట్టాలింటికి వెళ్ళినట్టే ఉంటుంది.

వరస మనదే

"నేను నిన్న హైదరాబాదులో బిర్యానీ తిన్నాను" అన్న మాటను జపనీస్‌లో "వతషి వ, కినో, హైదరాబాదొ దె, బిరియాని ఒ, తబెత" అంటారు. మాట కింద మాట పెట్టుకుంటూ పోతే చాలు. కర్త ముందు, క్రియ చివర, విభక్తి పేరు వెనక. ఇంగ్లీషువాళ్ళకు వెన్ను విరిగేది సరిగ్గా ఇక్కడే. మనవాళ్ళు మాత్రం ఇక్కడ ఏదో నేర్చుకుంటున్నామన్న సంగతే గమనించరు.

ఇంకాస్త లోపలికి వెళ్తే వింత ముదురుతుంది. "తిని చూడు" అంటాం కదా, అందులో చూసేదేమీ లేదు, రుచి ఎలా ఉందో తెలుసుకోమని. జపనీస్‌లోనూ అచ్చంగా "తబెతె మితె" అనే అంటారు. "తబెతె" అంటే తిని, "మితె" అంటే చూడు. "వస్తానని అన్నాడు"లో మనం పెట్టే "అని" చోట వాళ్ళు "తొ" పెడతారు. పెద్దలతో మాట్లాడేటప్పుడు క్రియ రూపమే మారిపోవడం మనకు కొత్తా? ఆర్ఆర్ఆర్ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలయ్యాక తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టిన అక్కడి అభిమానులకూ ఇదే సుఖం ఎదురు దిక్కు నుంచి దొరుకుతుంది.

మాట చివర అచ్చు లేకపోతే మనకు తోచదు, వాళ్ళకూ తోచదు. ఒక్క "న్" తప్ప మరే హల్లుతోనూ జపనీస్ మాట ముగియదు. అందుకే ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న మాటలకు ఇద్దరం తోక తగిలించాం. కప్పు, పైపు, టేపు, సూపు అనే ఈ నాలుగూ టోక్యోలో దాదాపు ఇలాగే పలుకుతారు.

హ్రస్వ దీర్ఘాల సంగతి మరీ ముఖ్యం. "ఒబసన్" అంటే పిన్నమ్మ, అత్తమ్మ వయసు ఆవిడ. "ఒబాసన్" అంటే అమ్మమ్మ. పాశ్చాత్య విద్యార్థులు ఈ దీర్ఘం దగ్గర బోల్తా పడి, నడివయసు ఆవిడను ముసలమ్మను చేసి చీవాట్లు తింటుంటారు. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే తపాలా బిళ్ళ. ఒత్తులు దిద్దుకుంటూ పెరిగినవాళ్ళకు ఇదేం లెక్క!

గడగడ, గతగత

జపనీస్‌లో ధ్వని అనుకరణ పదాలకు ప్రత్యేకంగా నిఘంటువులున్నాయి. ఒకదానిలో 4,500 పదాలు ఇచ్చారు. విదేశీ విద్యార్థులు వీటిని బట్టీ పడతారు. మనం జంట వెతుక్కుంటే సరిపోతుంది. ఆకలి మనకు నకనకలాడితే వాళ్ళకు "పెకొపెకొ". గుండె దడదడకు "దొకిదొకి". తిరగడం గిరగిరా అయితే "గురుగురు". మనం గడగడ వణికితే వాళ్ళు "గతగత" వణుకుతారు. నక్షత్రాలు మనకు మిలమిల, వాళ్ళకు "కిరకిర" (మనకు కిరకిర అంటే నూనె వేయని తలుపు).

వీటన్నిటిలోకీ నా ఓటు "షీన్" అనే మాటకే. అది నిశ్శబ్దం చేసే చప్పుడు. గదిలో ఎవరూ నోరు మెదపనప్పుడు మాంగా బొమ్మల కథల్లో ఆ మాటను పెద్ద అక్షరాలతో బొమ్మ మీదే రాస్తారు.

క, స, త, న, హ

హిరగాన అనే మొదటి లిపిలో అక్షరాలు 46. అవే ధ్వనులకు కతకాన అనే రెండో లిపిలో మరో 46. వీటిని చెప్పే వరస అ, ఇ, ఉ, ఎ, ఒ. ఆ తరవాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్టుందా? క, చ, ట, త, ప, య, ర, ల, వ అని మనం దిద్దిన వరసే అది. చ చోట స, ప చోట హ కనబడటానికి కారణం ఉంది. ఆ ధ్వనులు పాత జపనీస్‌లో వేరుగా ఉండి, కాలక్రమంలో మారాయి. బౌద్ధ గ్రంథాల కోసం సిద్ధం లిపిలో సంస్కృతం నేర్చుకున్న భిక్షువులు ఈ వరసను అక్కడ నాటారు. ఆ బౌద్ధ బంధం పాతదే: మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడు 736లో జపాన్ చేరి, 752లో నారా నగరంలోని మహాబుద్ధ విగ్రహానికి కళ్ళు దిద్దే వేడుక జరిపించాడు.

ఒక్క గుర్తు, బోలెడు గొంతులు

ఇక కష్టం మొదలు. కంజి అంటే చైనా నుంచి వచ్చిన చిత్రాక్షరాలు. (గంజితో సంబంధం లేదు, చెమట పట్టించడంలో తప్ప.) ప్రభుత్వం 2010లో సవరించిన నిత్య వ్యవహార జాబితాలో ఇవి 2,136. జపాను పిల్లలు ఒకటో తరగతిలో 80 నేర్చుకుంటారు. ప్రాథమిక పాఠశాల ఆరేళ్ళూ ముగిసేసరికి 1,026 వస్తాయి. పెద్దవాళ్ళ కోసం పెట్టే కంజి పరీక్షలో అన్నిటికంటే పై మెట్టుకు దాదాపు 6,000 రావాలి. అక్కడ జపానువాళ్ళే ఎక్కువమంది తప్పుతారు.

జాబితాలోని 2,136లో ఎక్కువ గీతలున్నది ఏదో తెలుసా? దిగులు, మనోవ్యాకులత అనే అర్థమిచ్చే "ఉత్సు". 29 గీతలు. చేత్తో రాయమంటే చాలామంది జపానువాళ్ళు ఆకాశం వంక చూస్తారు. జాబితా దాటి బయటికొస్తే ఇంకో మహాకాయం ఎదురవుతుంది. 12 గీతల మేఘాలు మూడు, వాటి కింద 16 గీతల డ్రాగన్లు మూడు పేర్చి కట్టిన అక్షరం. మొత్తం 84 గీతలు. ఇది ఎవరిదో ఇంటిపేరని చెబుతారు. ఆ ఇంటిపేరున్న మనిషి మాత్రం ఇంతవరకు తేలలేదు.

నిజానికి గీతలు పెద్ద బాధ కాదు, చెయ్యి అలవాటు పడుతుంది. నా గొడవంతా ఏ గుర్తును ఎక్కడ ఎలా చదవాలన్నదానితోనే. "జనవరి 1 ఆదివారం" అన్న చిన్న వాక్యం రాయండి. అందులో సూర్యుణ్ణీ రోజునూ సూచించే గుర్తు మూడుసార్లు వస్తుంది. తేదీలో అది "త్సుయితచి" అనే మాటలో కరిగిపోతుంది. ఆదివారం అనే "నిచియోబి"లో మొదట "నిచి", చివర "బి" అవుతుంది. ఒకే బొమ్మకు ఒక్క వాక్యంలో మూడు వేషాలు. ఇంకా పెద్ద బహురూపి పుట్టుక, బతుకు అనే అర్థాల గుర్తు. పచ్చి అన్నప్పుడు "నమ", విద్యార్థిలో "సే", పుట్టినరోజులో "జో". లెక్కపెడితే పది దాటుతాయి. గురువును పిలిచే "సెన్‌సే"లోనూ అదే ఉంది. ఆ మాటకు అక్షరార్థం ముందు పుట్టినవారు.

ఈ అడవిని మొత్తంగా కొలవాలని చూసినాయన మొరొహషి తెత్సుజి. 50,000కు పైగా కంజిలతో ఆయన కూర్చిన నిఘంటువు 1955 నుంచి 1960 మధ్య 13 సంపుటాలుగా వచ్చింది. మొదటి సంపుటం 1943లోనే వచ్చింది గానీ, 1945 వైమానిక దాడుల్లో అచ్చు పలకలన్నీ కాలిపోయాయి. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఆ పనిలో ఒక కన్ను చూపు పూర్తిగా పోయింది.

దీనికి ఎదురు కొసన ఉన్నది జేమ్స్ హైసిగ్ అనే అమెరికన్ ఆచార్యుడు. 1970లలో కామకురాలో భాష నేర్చుకోవడానికి చేరి, ఒక్కో కంజికి ఒక్కో కథ అల్లుకుంటూ నెలలోపే 1,900 రాయడం నేర్చుకున్నానని తన పుస్తకంలో చెప్పుకున్నాడు. రాయడమే సుమా! వాటిని ఎలా పలకాలన్నది ఆ నెలలో లేదు.

పెన్సిళ్ళు లెక్కపెట్టడం

నేను సాయంత్రం తరగతికి వెళ్తున్న రోజుల్లో టీచరుగారు బల్ల మీద ఒక్కో పెన్సిలే పెడుతూ లెక్కపెట్టమనేవారు. ఇప్పొన్, నిహొన్, సంబొన్, యొన్‌హొన్, గొహొన్, రొప్పొన్. అంతా "హొన్" అనే ఒక్క ప్రత్యయమే, పక్కన చేరిన అంకెను బట్టి పొన్, హొన్, బొన్ అవుతుంది. పొడుగ్గా ఉన్నవాటన్నిటికీ అదే. గొడుగు, సీసా, చెట్టు సరే. రైలు బండ్లు, సినిమాలు, ఫోన్ కాల్స్ కూడా దానితోనే లెక్కపెడతారు. కాయితాలకు వేరు, పుస్తకాలకు వేరు. చాప్‌స్టిక్స్ జతలకు వేరు. కుందేళ్ళను పక్షుల ప్రత్యయంతో లెక్కపెడతారు. నాలుగు కాళ్ళ జంతువును తినకూడదన్న నియమాన్ని తప్పించుకోవడానికి కుందేలును పక్షిని చేశారని ఒక కథ చెబుతారు.

మనుషుల దగ్గర మాత్రం మనకు ఇబ్బంది లేదు. ఒకరు, ఇద్దరు అన్నట్టే హితొరి, ఫుతరి. తేదీల దగ్గరే నాకు నవ్వు ఆగేది కాదు. 8వ తేదీ "యోక". 4వ తేదీ "యొక్క". "రాముని యొక్క" అని వ్యాకరణం చదివినవాళ్ళు తరగతిలో ముఖం గంభీరంగా పెట్టుకోవడం ఎంత కష్టమో మీరే ఊహించండి.

నేర్చినవాళ్ళు, నేర్పినవాళ్ళు

విదేశీయుల కోసం జపనీస్‌ను గ్రంథస్థం చేసిన తొలి పెద్ద పని పోర్చుగీసు పాదరీలది. 1603-04లో నాగసాకిలో అచ్చయిన వాళ్ళ నిఘంటువులో 32,000కు పైగా మాటలున్నాయి.

కానీ చదివినకొద్దీ మనసును పట్టేసేది గొంజా అనే కుర్రాడి కథ. 1728లో జపాన్‌లోని సత్సుమా నుంచి ఒసాకాకు బయలుదేరిన ఓడ తుపానులో దారి తప్పి, నెలల తరబడి కొట్టుకుపోయి, 1729లో రష్యా తూర్పు కొసన కమ్చాత్కాకు చేరింది. 17 మందిలో 15 మందిని అక్కడ చంపేశారు. మిగిలింది సోజా అనే పెద్దాయన, పదకొండేళ్ళ గొంజా. ఇద్దరినీ సెయింట్ పీటర్స్‌బర్గ్ తీసుకెళ్ళి రష్యన్లకు జపనీస్ నేర్పమన్నారు. సోజా 1736లో పోయాడు. కుర్రాడు ఒక రష్యన్ పండితుడితో కూర్చుని నిఘంటువు, వ్యాకరణం తయారుచేశాడు. పదకొండేళ్ళకే ఇల్లు దూరమైనవాడు కదా, వాడికి వచ్చింది తన ఊరి యాస ఒక్కటే. అందుకే ఆ తొలి రష్యన్-జపనీస్ నిఘంటువంతా సత్సుమా మాండలికంలోనే ఉంటుంది, అదీ రష్యన్ అక్షరాల్లో. 1739లో గొంజా చనిపోయాడు. అప్పటికి వాడికి 21 ఏళ్ళు. ఇవాళ ఆ పాత సత్సుమా యాస ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే జపాను భాషావేత్తలు ఆ పుస్తకాలే తెరుస్తారు.

ఇంకో తరహా రికార్డు ఆర్థర్ వేలీది. గెంజి మొనొగతరి అనే వెయ్యేళ్ళనాటి మహా నవలను 1925-33 మధ్య ఇంగ్లీషులోకి తెచ్చాడు. భాష సొంతంగా నేర్చుకున్నాడు. బతికినన్నాళ్ళూ జపాన్‌లో అడుగు పెట్టలేదు. ఇక చైనాలో పుట్టిన యాంగ్ యీ 22 ఏళ్ళ వయసులో, భాష దాదాపు రాకుండానే 1987లో జపాన్ వెళ్ళింది. 2008లో అక్కడి ప్రతిష్ఠాత్మక అకుతగవా పురస్కారం గెలుచుకుంది. జపనీస్ మాతృభాష కానివాళ్ళకు ఆ పురస్కారం రావడం అదే మొదలు.

నోరు విప్పని పరీక్ష

జపాన్ ఫౌండేషన్ 2021 సర్వే ప్రకారం జపాన్ బయట 141 దేశాలు, ప్రాంతాల్లో దాదాపు 38 లక్షల మంది బడుల్లోనూ సంస్థల్లోనూ ఈ భాష నేర్చుకుంటున్నారు. ఇంట్లో కూర్చుని యాప్‌లతో నేర్చుకునేవాళ్ళు ఈ లెక్కలో లేరు. చైనా మొదటిది, 10 లక్షలకు పైగా. రెండోది ఇండోనేషియా.

ఉద్యోగానికో చదువుకో వెళ్ళాలంటే చాలామంది రాసేది జేఎల్‌పీటీ అనే పరీక్ష. 1984లో మొదలైంది. ఎన్5 నుంచి ఎన్1 వరకు అయిదు మెట్లు. జులైలోనూ డిసెంబరులోనూ పెడతారు. ఎన్1 గట్టెక్కాలంటే 180కి కనీసం 100 రావాలి. దీని వింత ఏమిటంటే, ఎక్కడా ఒక్క మాట మాట్లాడక్కర్లేదు, ఒక్క కంజి చేత్తో రాయక్కర్లేదు. జవాబు పత్రంలో గుండ్రాలు నింపడమే. కష్టమంతా కంటికీ చేతికీ అని మొదట్లో అన్నాను కదా, ఆ చేతికి ఇక్కడ సెలవు. ఎన్1 పట్టా చేతిలో పెట్టుకుని, హోటల్లో మంచినీళ్ళు అడగడానికి తడబడేవాళ్ళు ఉంటారు. కాబట్టి పట్టా చూసి జడుసుకోకండి, పట్టా ఉందని మురిసిపోనూ వద్దు.

ఎవరూ చదవలేని అక్షరం

1978లో జపాన్ కంప్యూటర్ల కోసం 6,000 పైచిలుకు కంజిల ప్రామాణిక జాబితా తయారుచేసింది. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు వెతికి ఎక్కించారు. తీరా చూస్తే ఏ నిఘంటువులోనూ లేని అక్షరాలు కొన్ని బయటపడ్డాయి. వాటికి "యూరే మొజి" అని పేరు పెట్టారు, అంటే దెయ్యం అక్షరాలు. 1997లో పరిశోధకులు పాత కాయితాలు తిరగేసి చాలావాటి గుట్టు విప్పారు. ఒకదాని సంగతి చూడండి. షిగా జిల్లాలో ఒక ఊరి పేరులో పైన కొండ, కింద స్త్రీ ఉన్న అక్షరం ఉంది. అచ్చు దొరక్క రెండు ముక్కలు కత్తిరించి ఒకదాని కింద ఒకటి అతికించారు. ఆ కాయితం అంచు నీడను ఎవరో గీత అనుకుని ఎక్కించేశారు. అలా ఒక కొత్త అక్షరం పుట్టింది.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఎడమవైపు విల్లు ఉంటుంది. ప్రపంచ ప్రామాణిక కోడ్‌లోకీ చేరిపోయింది కాబట్టి మీ ఫోనులోనూ ఉంది. దాని అర్థం ఎవరికీ తెలియదు.