లెన్సు తప్పా, చేతి తప్పా?

2023 జనవరిలో మా కుటుంబం బరంపురం నుంచి కోణార్క వెళ్లింది. పిల్లా పెద్దా కలిసి తొమ్మిది మందిమి. మా అప్ప కూడా వచ్చింది. మా వైపు అక్కను అప్ప అంటాం. సాయంత్రం పొద్దు వాలుతుండగా ఆమె రాతి చక్రం పక్కన కూర్చుంది. మనవడు ఏదో అన్నాడు కాబోలు, చటుక్కున తల తిప్పి పకపకా నవ్వింది. నేను దూరాన ఉన్నాను. జూమ్ పూర్తిగా లాగి నొక్కాను. ఆ నవ్వు నాకు చిక్కిందనే అనుకున్నాను.

ఇంటికి వచ్చి కంప్యూటర్లో చూస్తే ముఖం మసకగా ఉంది. ఆ ఏడాది వానాకాలంలో అప్ప కాలం చేసింది. సంవత్సరీకానికి పటం కట్టించాలని ఫోటోలు వెతుకుతుంటే మళ్లీ ఆ మసక నవ్వే కంటపడింది. కోపమంతా లెన్సు మీదికి మళ్లింది. అన్నిటికీ ఒకటే అని కొంటే ఇంతేనని, అమ్మేస్తానని అన్నాను. అప్ప కూతురు పక్కనే ఉండి, "మావయ్యా, మీ బ్యాంకులో విచారణ లేకుండానే శిక్ష వేస్తారా?" అంది. ఆ మాట నాకు తగిలింది.

ఏమిటీ లెన్సు?

ఎదుట ఉన్న గోపురం మొత్తాన్నీ, దాని కొసన ఉన్న కలశాన్నీ మార్చకుండా తీసే లెన్సు ఇది. మామూలు ఫోటోలకు పనికొచ్చే జూమ్ లెన్సు 1959లో ఫోక్ట్‌లాండర్ జూమర్ పేరుతో వచ్చింది. దాని పరిధి 36 నుంచి 82 మిల్లీమీటర్లు. 1992లో టామ్రాన్ వారి 28-200 వచ్చాక యాత్రికులకు ఒకే లెన్సుతో తిరిగే వీలు కలిగింది. 2017 నాటికి అదే సంస్థ 18-400 దాకా వెళ్లింది. నా దగ్గరున్నది 18-200.

సుఖం ఊరికే రాదు. లోపలి గాజు బిళ్లలు 18 దగ్గర ఒక తీరున, 200 దగ్గర మరో తీరున జరగాలి. ఒకచోట దిద్దిన దోషం మరోచోట తలెత్తుతుంది. తయారుచేసేవారు అన్నిచోట్లా కొంత కొంత సర్దుకుంటారు. అయితే సముద్రపు ఇసుక ఎగిరే కోణార్కలో లెన్సు విప్పి మార్చే పని లేకపోవడం చిన్న లాభం కాదు.

గోడ మీద దినపత్రిక

ఒక ఆదివారం పొద్దున్న తెలుగు దినపత్రికను రెండు పేజీలుగా విప్పి, ముడతలు లేకుండా వరండా గోడకు అంటించాను. కెమెరాను స్టాండు మీద గోడకు సమంగా నిలబెట్టాను. ఏమాత్రం వాలినా ఒక పక్క మసకబారి, లెన్సు మీద లేని నేరం పడుతుంది. వణుకును సర్దే మీటను ఆపేశాను. వేలి అదురు తగలకుండా రెండు సెకన్ల టైమరు పెట్టాను.

18, 35, 70, 135, 200 మిల్లీమీటర్ల దగ్గర, ఒక్కోచోట మూడు అపర్చర్లతో, మొత్తం పదిహేను ఫోటోలు తీశాను. ప్రతిసారీ పత్రిక ఫ్రేమును నింపాలి. అందుకని 18 దగ్గర గోడకు అర మీటరు దూరంలో మొదలుపెట్టి, 200 వచ్చేసరికి ఆరు మీటర్లు వెనక్కి, గేటు దాకా జరిగాను.

ఈ పరీక్షకు మన లిపి ఎంతో అనువైనది. 'ధ'కూ 'థ'కూ తేడా కడుపులో చుక్క ఒక్కటే. ఆ చుక్క మధ్య భాగంలో కనిపిస్తోందా, నాలుగు మూలల్లోనూ కనిపిస్తోందా అని చూస్తే చాలు.

తేలినదేమిటి?

18 దగ్గర అపర్చరు పూర్తిగా తెరిస్తే నడుమ బాగుంది, మూలలు కాస్త మెత్తగా ఉన్నాయి. పేజీలోని నిలువు గీతలు అంచుల దగ్గర బయటికి ఉబ్బాయి. 35, 70ల దగ్గర దాదాపు పేజీ అంతా చదవగలిగాను. 200 దగ్గర, ఎఫ్ 5.6లో పేజీ మీద సన్నని నూనె పూసినట్టుంది. ఎఫ్ 8కి తగ్గించగానే నడుమ చుక్కలు తేలాయి, మూలల్లో మాత్రం పూర్తిగా రాలేదు. ఎఫ్ 22లో మళ్లీ అంతా మొద్దుబారింది. రంధ్రం మరీ చిన్నదైతే కాంతి చెదిరిపోతుంది. అది ఏ లెన్సుకైనా తప్పదు.

ముఖ్యంగా కుడి మూలలూ ఎడమ మూలలూ ఒకే తీరుగా ఉన్నాయి. ఒక పక్క మాత్రమే ఎప్పుడూ మసకగా వస్తే లోపల గాజు పక్కకు జరిగిందని అనుమానించి, గ్యారంటీ ఉండగానే చూపించుకోవాలి.

మరి అప్ప ముఖం సంగతి?

డిజిటల్ ఫోటో ప్రతిదీ తన వోచరును తనతోనే ఉంచుకుంటుంది. తీసిన వేళ, షట్టరు వేగం, అపర్చరు అందులో ఉంటాయి. ఆ ఫోటో వివరాలు తెరిచాను. 200 మిల్లీమీటర్లు, ఎఫ్ 5.6, సెకనులో 60వ వంతు అని ఉంది.

చేత్తో పట్టుకుని తీసేటప్పుడు పాతకాలపు లెక్క ఒకటి ఉంది. 200 మిల్లీమీటర్లకు కనీసం 200వ వంతు వేగం ఉండాలి. నా కెమెరా సెన్సారు చిన్నది కాబట్టి 300వ వంతు పెట్టుకోవడం మేలు. వణుకును సర్దే ఏర్పాటు మన చెయ్యి కదలడాన్ని కాస్తుంది కాని ఎదుటి మనిషి కదలడాన్ని ఆపలేదు.

అప్పుడు ఫోటోను మళ్లీ పెద్దది చేసి చూశాను. వెనక చక్రం ఆకుల మధ్య చెక్కిన చిన్న చిన్న బొమ్మలు స్పష్టంగానే ఉన్నాయి. అప్ప ముఖం ఒక్కటే మసక. లెన్సు తప్పయితే రాయి మాత్రం ఎలా తేలుతుంది? తల తిప్పి నవ్వుతున్న మనిషికి 60వ వంతు చాలలేదు. ఐ.ఎస్.ఓ. పెంచి 500వ వంతు పెట్టుకోవలసింది నేను. తప్పు నాదే.

ఇదే పద్ధతిలో ఎవరైనా తేల్చుకోవచ్చు. ఫోటో అంతా ఒకే దిక్కుకు సాగినట్టుంటే చేతి వణుకు. మనిషి మాత్రమే చెదిరితే మనిషి కదలిక. ముక్కు మసకై వెనక గోడ తేటగా ఉంటే ఫోకసు తప్పింది. స్టాండు మీద కదలని వస్తువును ఎన్నిసార్లు తీసినా అదే చోట మసకగా వస్తే, అప్పుడు లెన్సును అనాలి. మిట్టమధ్యాహ్నం దూరపు కొండలు అలల్లా ఊగితే అది ఎండ వేడి. ఎంత ఖరీదైన లెన్సుకైనా అంతే.

ఎంత పెద్ద ఫోటోకి?

నాది 24 మెగాపిక్సెళ్ల కెమెరా. అంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు. ఆల్బంలో పెట్టే 4×6 అంగుళాల ఫోటోకి, అంగుళానికి 300 చుక్కల లెక్కన 1200×1800 చాలు. కంప్యూటర్లో పూర్తిగా పెద్దది చేసి మూలల్ని చూసి దిగులుపడేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఆ లెక్కే మాకు అక్కరకొచ్చింది. అదే రోజు మధ్యాహ్నం తొమ్మిది మందినీ నిలబెట్టి, 35 మిల్లీమీటర్లలో, ఎఫ్ 8లో, 500వ వంతు వేగంతో తీసిన గ్రూపు ఫోటో ఒకటి ఉంది. అందులో రెండో వరసలో అప్ప ఉంది. ఆమెను నడుం దాకా కత్తిరిస్తే సరిగ్గా 1200×1800 చుక్కలు వచ్చాయి. అంగుళానికి 200 చుక్కలతో 6×9 పటం కట్టించాం. చేతికందే దూరం నుంచి చూస్తే కళ్లజోడు అంచు కూడా తెలుస్తోంది. అదీ ఆ లెన్సుతో తీసిందే.

ఆ మసక నవ్వును మాత్రం చెరిపెయ్యలేదు. చిన్న సైజులో కడిగించి బీరువా తలుపు లోపల అంటించాను. అంత చిన్నదాంట్లో మసక అంతగా తెలియదు, నవ్వు తెలుస్తుంది. లెన్సు అమ్మలేదు. ఇప్పుడు మనుషుల్ని తీసేటప్పుడు ముందుగా షట్టరు వేగం చూసుకుంటున్నాను. మీ ఇంట్లోనూ నచ్చని లెన్సు ఏదైనా మూల పడి ఉంటే, అమ్మేముందు ఒక ఆదివారం పొద్దున్న గోడకు పేపరు అంటించి చూడండి.