ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వదిలేయాల్సిందేనా?

పోయిన నెల మా ఆపా కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. ఆటోలోంచి సామాను దింపుతుంటే పక్కింటి ఖాలా గోడ మీద నుంచి అడిగిన మొదటి మాట, "ఆ పిల్లిని ఇంకా ఉంచుకున్నారా?" అని.

ఆ పిల్లి పేరు మల్కా. నాలుగేళ్ళ కింద వానల్లో మా పెరట్లో నీళ్ళ డ్రమ్ము వెనకాల తడిసి ముద్దయి దొరికింది. దొరికింది ఆపాకే. పెళ్ళయ్యి అత్తారింటికి పోయేదాకా దాన్ని సాకింది కూడా తనే. ఖాలా మాట ప్రకారం పిల్లి తిరిగే ఇంట్లో కడుపు నిలవదు, దాని వెంట్రుక గర్భంలోకి పోతుంది. అంతకుముందు స్కానింగ్‌కి పోయిన చోట కూడా ఒకామె "ఇంట్లో పిల్లి ఉందా? ముందు దాన్ని పంపేయండి" అని ఒక్క ముక్క అనేసి పక్క పేషెంట్ని పిలిచిందట. ఎందుకో చెప్పలేదు. సాయంత్రానికి అమ్మీ గోనెసంచి తీసి గుమ్మం దగ్గర పెట్టింది. చేపల మార్కెట్ దగ్గర వదిలితే ఎలాగోలా బతుకుతుందిలే అని. ఆపా మాట్లాడలేదు, గదిలోకి పోయి కూర్చుంది.

నాకు రెండు రోజులు టైమ్ ఇవ్వమని అడిగాను. ఆ రెండు రోజుల్లో డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నదే ఇది. మీ ఇంట్లోనూ ఇదే గొడవ నడుస్తుంటే పనికొస్తుంది.

భయం ఎక్కడి నుంచి వచ్చింది

వెంట్రుక సంగతి ముందే చెప్పేస్తాను. పిల్లి వెంట్రుక పొరపాటున మింగినా అది పోయేది కడుపులోకే, గర్భసంచిలోకి కాదు. ఆ రెంటికీ దారే లేదు. ఉబ్బసం, తుమ్ములు ఉన్నవాళ్ళకు పిల్లి పడకపోవచ్చు, అది వేరే విషయం.

కానీ ఖాలా భయం మొత్తం ఉత్తదే అనలేం. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఒకటి ఉంది. కంటికి కనపడదు. 1908లో ట్యునీషియాలో నికోల్, మాన్సో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గుండి అనే ఎలుక జాతి జంతువులో దీన్ని కనిపెట్టారు. పిల్లికీ దీనికీ ఉన్న సంబంధం పూర్తిగా తేలింది మాత్రం 1970 ప్రాంతంలో. ఇది మేక, గొర్రె, కోడి, మనిషి అని లేకుండా ఎవరి ఒంట్లోనైనా ఉండగలదు. గుడ్లలాంటి తిత్తులుగా తయారై మలంలో బయటపడేది మాత్రం పిల్లి జాతి పేగుల్లో నుంచే. అందుకే పేరు పిల్లికి పడింది.

మామూలు మనిషికి ఇది సోకినా చాలామందికి తెలియను కూడా తెలియదు. నాలుగు రోజులు జ్వరం, మెడ దగ్గర గడ్డలు, అంతే. కడుపుతో ఉన్నప్పుడు మొట్టమొదటిసారి సోకితేనే సమస్య. మావి దాటి బిడ్డకు చేరొచ్చు. మొదటి నెలల్లో సోకితే బిడ్డకు చేరే అవకాశం తక్కువే, చేరితే మాత్రం దెబ్బ గట్టిగా ఉంటుంది. గర్భస్రావం కావచ్చు, తలలో నీరు చేరొచ్చు, కళ్ళు, మెదడు దెబ్బతినొచ్చు. చివరి నెలల్లో బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ, దెబ్బ సాధారణంగా తక్కువ. అయినా కొందరు పిల్లల్లో కంటి సమస్య ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. కాబట్టి ఏడో నెల వచ్చేసింది కదా అని వదిలేసే విషయం కాదు.

పిల్లి వంతు ఎంత

ఇక్కడే నాకు ఆశ్చర్యం అనిపించింది. పిల్లి జీవితాంతం ఈ తిత్తులను వదులుతూ ఉండదు. తనకు మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలు వదులుతుంది. ఆ తర్వాత చాలావరకు మళ్ళీ వదలదు. సోకేది కూడా ఎలుకనో పిట్టనో వేటాడి తిన్నప్పుడు, లేదా పచ్చి మాంసం తిన్నప్పుడు. ఎక్కువగా వదిలేవి వేట మొదలుపెట్టిన చిన్న పిల్లులు. ఇంట్లోనే ఉండి ఉడికిన అన్నం, ఉడికిన మాంసం తినే పెద్ద పిల్లి దగ్గర ఈ భయం చాలా తక్కువ.

ఇంకో సంగతి. మలంలో బయటపడిన తిత్తి వెంటనే అంటుకోదు. అది పక్వానికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అంటే పిల్లి మలం ఏ రోజుకారోజు తీసేస్తే చాలావరకు ప్రమాదం తీసేసినట్టే. పిల్లిని ఒళ్ళో పెట్టుకున్నంత మాత్రాన, నిమిరినంత మాత్రాన అంటుకోవడం అరుదు.

మన ఇళ్ళల్లో పిల్లి మీద ప్రేమకు ఒక కారణం హదీసు కూడా. అబూ ఖతాదా (రజి) వుజూ కోసం పెట్టిన నీళ్ళను పిల్లి తాగబోతే గిన్నె వంచి మరీ తాగనిచ్చారని, పిల్లి నజిస్ కాదని ప్రవక్త (స) చెప్పిన మాటను కోడలికి వివరించారని తిర్మిజీ, అబూ దావూద్‌లలో ఉంది. కొందరు దీన్ని చూపించి పిల్లితో ఏ జాగ్రత్తా అక్కర్లేదంటారు. అక్కడ మాట పిల్లి మూతి పెట్టిన నీళ్ళ గురించి. దాని మలం శుభ్రమని ఎవరూ అనలేదు కదా.

అసలు దారి వంటింట్లో, పెరట్లో

మనుషులకు ఇది సోకే పెద్ద దారులు సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, మట్టి అంటిన చేతులు. పిల్లిని తరిమేసి వీటిని అలాగే ఉంచితే లాభం లేదు.

మన సాలన్, బిర్యానీలతో ఇబ్బంది లేదు, అవి బాగా ఉడుకుతాయి. ఇబ్బంది ఎక్కడంటే కబాబ్ కోసం కలిపిన పచ్చి కీమాలో ఉప్పు చూడ్డానికి నాలుక మీద వేసుకోవడం. మా ఇంట్లో అందరూ చేస్తారు, అమ్మీతో సహా. కీమా లోపలి భాగం 71 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాలని లెక్క. మన దగ్గర థర్మామీటర్లు ఉండవు కాబట్టి సీక్ మధ్యలో విరిచి చూడండి, ఎరుపు కనపడకూడదు. మాంసం కోసిన కత్తీ, చెక్కపీటతోనే కచుంబర్‌కి ఉల్లి, కీర తరగడం ఇంకో పొరపాటు. బక్రీద్ రోజు ఇంటి నిండా మాంసం ఉంటుంది, పొద్దున్నుంచి రాత్రిదాకా భాగాలు వేస్తూ అవే చేతులతో టీ తాగుతాం. ఆ రోజు గర్భిణికి పచ్చి మాంసం పని పెట్టకపోతే మంచిది. పెట్టాల్సి వస్తే గ్లౌజులు, తర్వాత సబ్బు. మేకపాలు తాగే ఇళ్ళల్లో కాచకుండా తాగొద్దు.

ఇక పెరడు. మా పెరట్లో గోరింటాకు చెట్టు, కరివేపాకు, రెండు మడులు పుదీనా, ఒక మడి కొత్తిమీర. అబ్బా రిటైరయ్యాక ఆయన లోకం అదే. పొద్దున ఫజర్ తర్వాత అక్కడే ఉంటారు. మడి గుల్ల చేసి ఎరువు వేసిన మర్నాడే పిల్లులు వచ్చి తవ్వి కూర్చుంటాయి, ఎందుకంటే వాటికి మెత్తటి పొడి మట్టి కావాలి. మల్కా ఒక్కతే కాదు, వీధిలోని నాలుగైదు పిల్లులు గోడ దూకి వస్తాయి. తడి మట్టిలో ఆ తిత్తులు ఏడాదికి పైగా బతకగలవు. అంటే మల్కాని చేపల మార్కెట్‌లో వదిలినా మడిలోని మట్టి మారదు. పైగా ఖాళీ అయిన చోటుకు ఇంకో పిల్లి వస్తుంది. దానికి మనం వండిన అన్నం పెట్టం, అది ఎలుకలే తింటుంది.

ఈ మాట చెప్పాక అమ్మీ గోనెసంచి మడిచి లోపల పెట్టింది.

మేము చేసినవి ఇవి. విత్తు వేసిన మడుల మీద కోళ్ళ గూటికి వాడే జాలీ పరిచి అంచులకు ఇటుకలు పెట్టాం. మొలకలు ఆ కంతల్లోంచే పైకొచ్చాయి. జాలీ చాలని చోట తుమ్మ కంప వేశాం. పెరటి మూలన పాత ప్లాస్టిక్ టబ్బులో జల్లెడ పట్టిన ఇసుక పోసి మల్కాకు అలవాటు చేశాం. షాపులో పిల్లుల ఇసుక అని అమ్మేది కొంటే నెలనెలా వందల్లో ఖర్చు. మామూలు ఇసుక కూడా పనిచేస్తుంది, కాకపోతే రోజూ తీయాలి, తరచూ మార్చాలి. రోజూ పొద్దున అబ్బా మలం తీసి కవర్లో కట్టి చెత్తబండిలో వేస్తారు. ఆకుకూరలకు వేసే ఎరువు గుంటలో మాత్రం వేయరు. వారానికోసారి టబ్బు ఖాళీ చేసి మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచుతాం. బ్లీచింగ్, ఫినాయిల్ వేస్తే చాలనుకోవద్దు, క్లోరిన్‌కి ఈ తిత్తులు లొంగవు, వేడికి లొంగుతాయి. టబ్బు దగ్గరికీ, మడి దగ్గరికీ ఆపా పోదు.

పుదీనా, కొత్తిమీర మనం పచ్చివే తింటాం. చట్నీలో, రైతాలో, బిర్యానీ మీద. గిన్నెలో ఒకసారి ముంచి తీస్తే సరిపోదు. ధారగా పడే నీళ్ళ కింద ఆకు ఆకూ రుద్ది కడగాలి. ఉప్పునీళ్ళలో, వెనిగర్‌లో నానబెట్టడం వేరే క్రిములకు పనికొస్తుందేమో కానీ దీనికి నమ్మలేం.

రిపోర్టు ఎలా చదవాలి

ఆపాకి మొదటి నెలల్లోనే టార్చ్ టెస్ట్ చేశారు. అందులో టాక్సో ఐజీజీ పాజిటివ్ అని ఉంది. పాజిటివ్ అన్న మాట చూసి అత్తారింట్లో అందరూ హడలిపోయారు. నేను చదివింది బీకాం, నా బుర్రకి ఇలా ఎక్కింది: ఐజీజీ పాత ఖాతా లాంటిది, ఐజీఎం కొత్తగా పడిన ఎంట్రీ లాంటిది. ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగెటివ్ అంటే ఎప్పుడో సోకి తగ్గిపోయింది, రక్షణ ఉంది, మామూలుగా బిడ్డకు భయం లేదు. రెండూ నెగెటివ్ అయితే ఇప్పటిదాకా సోకలేదు, కాబట్టి పైన చెప్పిన జాగ్రత్తలు ఎక్కువ పాటించాల్సింది వాళ్ళే. ఐజీఎం పాజిటివ్ వచ్చినా అప్పుడే కుంగిపోవద్దు. అది కొందరిలో నెలల తరబడి ఉండిపోతుంది. ఎవిడిటీ అనే ఇంకో పరీక్షతో పాతదా కొత్తదా అన్నది డాక్టర్ తేలుస్తారు. కొత్తదే అయితే మందులున్నాయి. మందుల షాపులో అడిగి వాడేవి కావు అవి.

ఆపాది పాత ఖాతానే. మల్కా వల్లో, చిన్నప్పుడు తిన్న కబాబ్ వల్లో ఎవరికీ తెలియదు.

గోటి గీతను తేలిగ్గా తీసుకోవద్దు

ఇంత వెతికాక నాకు వేరే భయం పట్టుకుంది. మా అన్న కొడుకు మల్కా తోక లాగి చెయ్యి గీరించుకున్నప్పుడల్లా మేము పసుపు అద్ది ఊరుకునేవాళ్ళం. రేబిస్ పిల్లి వల్ల కూడా వస్తుంది. వచ్చాక మందు లేదు. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా ముందు ధార నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. వెంటనే ప్రభుత్వాసుపత్రికి పోవాలి. చర్మంలోకి వేసే టీకాలు 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు ఉంటాయి. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ సీరం కూడా వేయాల్సి ఉంటుంది, దాని గురించి మీరే అడగండి. గర్భిణికి కూడా ఈ టీకా వేయొచ్చు, కడుపుతో ఉందని ఆపకూడదు.

పిల్లికి మూడు నెలల వయసు నుంచి రేబిస్ టీకా వేయించొచ్చు, ఆ తర్వాత ఏటా. నాలుగేళ్ళుగా మల్కాకు మేము వేయించలేదు. సిగ్గుగా ఉంది కానీ నిజం. పోయిన వారం బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి వేయించాను, దారి పొడుగునా అరిచింది. ఇంకొకటి అక్కడే తెలిసింది, పిల్లికి జ్వరమని మన పారాసెటమాల్ ఎప్పుడూ ఇవ్వొద్దు. ఒక్క మాత్ర చాలు దాని ప్రాణం పోవడానికి.

ఇప్పుడు ఆపాకి ఎనిమిదో నెల. మధ్యాహ్నం తను వరండాలో పడుకుంటే మల్కా మంచం కింద పడుకుంటోంది. ఖాలా నిన్న వచ్చి జాలీ ఎక్కడ కొన్నారని అడిగింది, వాళ్ళ మెంతికూర మడి కూడా పిల్లులు తవ్వేస్తున్నాయట.